కాటు కొలత

పళ్ళావిడ అంటే పళ్ళ బండి తోసుకునే మనిషి కాదు. పళ్ళు ఊడినవాళ్ళకు కట్టుడుపళ్ళు చేసిపెట్టే మనిషి. మెయిన్ రోడ్డు మీద నుంచి ఎనిమిది మెట్లు దిగితే ఆమె గది. పొడుగాటి బల్ల, బల్ల మీద చిన్న గ్యాసు దీపం, గులాబీరంగు మైనం చెక్కలు, ప్లాస్టరు పొడి డబ్బాలు, గోడ పొడుగునా అరల్లో ఎవరెవరివో చిగుళ్ళ అచ్చులు. ఊళ్ళో ఉన్న దంతవైద్యుల్లో ఆరేడుగురు ఆమెకే పని పంపుతారు. ఆ పళ్ళు పెట్టుకుని పెళ్ళిళ్ళలో నవ్వేవాళ్ళకు మాత్రం ఆమె ఒకతె ఉన్నట్టే తెలియదు. ఆమెకు కావలసిందీ అదే. నలభై ఆరేళ్ళొచ్చినా మనుషుల ముఖాలతో కంటే ప్లాస్టరు దవడలతో గడిపిన కాలమే ఎక్కువ. దవడలతో ఒక సుఖం, అవి తిరిగి ఏమీ అడగవు.

ఒక మంగళవారం పొద్దున వాళ్ళలో ఒక డాక్టరు గారి దగ్గర్నుంచి కొత్త అచ్చు వచ్చింది. దానికి అంటించిన చీటీలో ఇలా ఉంది: వయసు డెబ్బై ఏడు. పైనా కిందా పూర్తి సెట్టు. మతబోధకులు, మాట స్పష్టత ముఖ్యం. పద్దెనిమిది రోజుల్లో పెద్ద కూటమి ఉంది, ఈలోపే కావాలి. కింద పేరు.

ఆమె పేరు చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి వేలు పెట్టి, కొత్తగా చదువు నేర్చుకునేవాళ్ళలా ఒక్కో అక్షరం చదివింది. ఈలోగా ఎడంచేతిలో ఉన్న గిన్నెలో కలిపిన ప్లాస్టరు రాయిలా గడ్డకట్టింది. పాతికేళ్ళ పనిలో ఆమె ఎప్పుడూ అలా జరగనివ్వలేదు. గిన్నెతో సహా తీసుకెళ్ళి చెత్తబుట్టలో విసిరేసి వచ్చి కూర్చుంది.

ఆయన్ని సభలో పెద్దాయన అనేవారు. ఇప్పటికీ అలాగే అంటారు. ఏ దేవుడి సభ అన్నది ఇక్కడ అనవసరం. దేవుడు ఆ హాల్లో ఒక్కనాడూ నోరు విప్పలేదు, మాట్లాడిందంతా పెద్దాయనే. గొంతు మాత్రం గొప్పదని ఒప్పుకోవాలి. మైకు లేకుండానే వెనక వరసలో చంటిపిల్లలు ఏడుపు మానేవారు. ఆ గొంతుతో ఆయన ఏం చెప్పినా నిజంలాగే వినపడేది. అందుకే జనం ఇళ్ళలో మందుసీసాలు పారేశారు, అక్కచెల్లెళ్ళతో మాటలు మానేశారు, అన్నీ నవ్వుతూనే చేశారు.

అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. ఇంట్లో ముగ్గురే, అమ్మ, అమ్మమ్మ, తను. అమ్మమ్మ కళ్ళకి పొరలు కమ్మి మనుషులు ఆనేవారు కాదు. కాలి మీద పుండు లేచి, అది పాదం దాకా పాకింది. పెద్దాయన మందు వద్దన్నాడు. మందు అంటే అపనమ్మకమట. ఒకరోజు సభలో అందరి ముందూ ఈ పిల్ల లేచి నిలబడి, "మా అమ్మమ్మ కాలికి మందు ఎందుకు వెయ్యనివ్వరు?" అని అడిగేసింది. అడిగాక కూడా కూర్చోలేదు.

పెద్దాయన కోప్పడలేదు. చిరునవ్వు నవ్వి, ఈ బిడ్డకి మౌనం వెయ్యాలి అన్నాడు. సభలో అది మామూలు శిక్షే. నలభై రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, ఆమె ఎవరితోనూ మాట్లాడకూడదు. తాకడం కూడా మాట్లాడడం కిందే లెక్క. పోతే ఆమెకి మాత్రం ఒక మాట ప్రత్యేకంగా చెప్పాడు. దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, మెత్తగా చెప్పాడు. "నువ్వు ఒక్క మాట మాట్లాడినా ఆ పాపం నీకు అంటదమ్మా. మంచం మీద ఉందే, ఆవిడకి అంటి ప్రాణం తీస్తుంది."

ఏ తలకాయలో పుట్టిందో ఆ ఆలోచన! పిల్ల నోటికి పిల్ల ప్రేమతోనే తాళం వేశాడు.

ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం అమ్మ సభకు వెళ్ళింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అమ్మమ్మ మంచం పట్టెని అరచేత్తో తడుముతూ, "ఉన్నావా బంగారం?" అంది. పిల్ల గడప దగ్గరే ఉంది. చేయి చాస్తే అందే దూరం. అమ్మమ్మ కాసేపాగి మళ్ళీ అడిగింది. మూడోసారి ఆ గొంతులో భయం ఉంది. పిల్ల తన కుడి అరచేతిని నోట్లో కుక్కుకుని రక్తం వచ్చేదాకా కొరికింది గానీ పలకలేదు. పలికితే అమ్మమ్మ చచ్చిపోతుందని ఆమె నమ్మింది. సాయంత్రానికి అమ్మమ్మ ఎటూ చచ్చిపోయింది, ఇంట్లో ఎవరూ లేరనుకుంటూ.

మిగిలిన పదమూడు రోజులూ కూడా శిక్ష నడిచింది. శవం లేచేటప్పుడు కూడా అమ్మ కూతురి ముఖం చూడలేదు. నలభై ఒకటో రోజు పెద్దాయన ఆమెని సభలో నిలబెట్టి తలమీద చెయ్యి వేసి, "చూశారా, బిడ్డ ఎంత మారిందో!" అన్నాడు. అందరూ సంతోషించారు. ఆ చెయ్యి బరువు ఆమెకి ఇప్పటికీ తలమీద తెలుస్తూనే ఉంటుంది.

పంతొమ్మిదో ఏట ఇల్లు వదిలి ఈ పనిలో పడింది. పని నేర్పిన ముసలాయన చెవిటివాడు కావడం ఆమె అదృష్టం. మాట్లాడే అవసరం రాలేదు. ఏళ్ళు గడిచాక గొంతు కాస్త పెగిలింది గానీ, ఒక్క మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. ఫోనులో ఎవరైనా "ఉన్నారా?" అంటే పెట్టేసేది. తలుపు కొట్టి "లోపల ఉన్నారా?" అంటే, లేచి వెళ్ళి తలుపు తీసేదే తప్ప ఉన్నానని పలికేది కాదు.

ఇది మొదట కనిపెట్టింది వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం ఆవిడ. పళ్ళావిడ వారం వారం తెల్లకోట్లు ఉతుక్కి వేసేది. ఒకరోజు ఇస్త్రీ ఆవిడ కోట్లు లెక్కపెడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"మీది ఏ సభ?"

పళ్ళావిడ చటుక్కున గుమ్మం వైపు చూసింది.

"భయపడకండి. మాట్లాడేముందు గుమ్మం వైపు చూసుకునే అలవాటు నాకూ ఉండేది. పదకొండేళ్ళు సేవ అని చెప్పి వాళ్ళందరి బట్టలూ నాతోనే ఉతికించారు. గురువారం మూడింటికి దుకాణం కట్టేస్తాను. వెనకగదిలో మనలాంటివాళ్ళం నలుగురం కూర్చుంటాం. టీ ఇస్తాను. మాట్లాడమని ఎవరూ అడగరు."

ఆ గుంపుకి పేరు లేదు. పేరు పెడితే బోర్డు కావాలి, బోర్డు పెడితే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడొచ్చాడంటే మళ్ళీ మొదటికే వస్తామని ఇస్త్రీ ఆవిడ భయం. ఆమె కాక ముగ్గురు. రిటైరైన భూగోళం టీచరమ్మ, ఆమె పుస్తకాలూ పటాలూ ఆమె చేతులతోనే మంటలో వేయించిన గురువు ఒకడున్నాడు. లిఫ్టు మెకానిక్కుకి ముప్పై దాటలేదు. ఏడేళ్ళప్పుడు దయ్యం వదిలిస్తామని బీరువాలో పెట్టి తాళం వేశారు, ఇప్పుడు ఊళ్ళో ఇరుక్కున్న తలుపులన్నీ తెరుస్తూ తిరుగుతుంటాడు. పోతే బస్సు కండక్టరు. తమ్ముడి పెళ్ళికి వెళ్ళాడన్న నేరానికి వాళ్ళ స్వామి ఆజ్ఞ మీద భార్య తలుపు వేసుకుంది, తొమ్మిదేళ్ళయినా తీయలేదు. మనిషి మాత్రం ఎప్పుడూ నవ్విస్తూనే ఉంటాడు, ఒక దవడ చేత్తో పట్టుకుని. పుచ్చిన పన్ను పీకించుకోవడమంటే చచ్చేంత భయం.

అక్కడ నియమం ఒక్కటే. "క్షమించు" అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆ పూట కప్పులన్నీ వాళ్ళే కడగాలి. మూడేళ్ళలో కప్పులు కడిగినవాళ్ళు లేరు. చివరికి ఇస్త్రీ ఆవిడే విసుక్కుంటూ కడుక్కునేది.

టీచరమ్మకి ఒక పాత అలవాటు పోలేదు. కూర్చోగానే హాజరు వేస్తుంది. ఒక్కొక్కరినీ పిలిచి "ఉన్నారా?" అంటుంది. కండక్టరు "ఉన్నానండోయ్" అంటాడు, మెకానిక్కు "ఉన్నా" అంటాడు. పళ్ళావిడ వంతు రాగానే ఆమె చెయ్యెత్తుతుంది. కుడి చెయ్యే, మచ్చ కనపడకుండా పిడికిలి బిగించి. టీచరమ్మ ఒక్కసారి కూడా "నోటితో చెప్పు" అనలేదు. చెయ్యి చూసి పట్టీలో టిక్కు పెట్టి ముందుకు పోయేది. రెండేళ్ళు అలాగే గడిచాయి. అమ్మమ్మ సంగతి చెప్పడానికి ఆమెకి పద్నాలుగు నెలలు పట్టింది. చెప్పిన రోజు ఎవరూ ఓదార్చలేదు. ఇస్త్రీ ఆవిడ లేచి ఇస్త్రీపెట్టె పెట్టి ఒక చొక్కాని రుద్ది రుద్ది మాడ్చేసింది. ఆ మాడు వాసన పీల్చాక పళ్ళావిడకి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది.

అలాంటి గుంపు ముందుకి ఆ గురువారం ఆమె ఒక డబ్బా తెచ్చింది. మూత తీసి, ఇస్త్రీ బల్ల మీద పెద్దాయన చిగుళ్ళ అచ్చు పెట్టింది. సంగతి చెప్పింది.

బోసినోటి ప్లాస్టరు దవడలు రెండూ నోరు తెరుచుకుని వాళ్ళని చూస్తున్నాయి.

"ఇంతేనా వీడు?" అన్నాడు కండక్టరు. "మా అమ్మమ్మ నోరు కూడా ఇలాగే ఉండేది కదమ్మా."

"పళ్ళు కాస్త తేడాగా చేస్తే వీడి మాట ఎలా చెడుతుందో చెప్పక్కా," అన్నాడు మెకానిక్కు కుర్చీ ముందుకి జరుపుకుని.

ఆమె చెప్పింది. పై ముందుపళ్ళ వెనక అర మిల్లీమీటరు తేడా చాలు. స, శ, ష పలికినప్పుడల్లా ఈల వస్తుంది. ఎవరూ తప్పు పట్టలేరు, అలవాటు కాలేదంటారు.

"అంటే కూటమిలో మైకు ముందు నిలబడి 'సత్యం' అంటే..."

"ఈలే."

"'సోదరీ సోదరులారా' అంటే?"

"రెండు ఈలలు."

నలుగురూ పడీ పడీ నవ్వారు. కండక్టరు తన పుచ్చుపన్ను నొప్పి కూడా మరిచి, రైటు రైటు అని బస్సు ఈల వేసి చూపించాడు. పళ్ళావిడ కూడా నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా. ఆ నవ్వులో ఆమెకి ఎంత కసి ఉందో ఆమెకే అప్పుడు తెలిసింది.

"చేసెయ్," అంది ఇస్త్రీ ఆవిడ. "చేసి పంపెయ్. నేను ముందు వరసలో కూర్చుని వింటాను."

టీచరమ్మ ఒక్కతే నవ్వు ఆపింది.

"క్షమించమని నేననను. కప్పులు కడిగే ఓపిక నాకు లేదు. కానీ అమ్మాయ్, నీ చేత్తో పాడు పని ఎప్పుడైనా చేశావా?"

"లేదండీ."

"మొదటి పాడు పని వాడి కోసం చేస్తావా? వాడికి అంత విలువెందుకు?"

ఇస్త్రీ ఆవిడ మూతి ముడిచింది. పళ్ళావిడ మాత్రం అచ్చు వైపు చాలాసేపు చూసింది. ఆమె పని ఆమెకి ఉన్న ఒక్కగానొక్క మర్యాద. అది పోతే వాడు ఆమె దగ్గర ఇంకోటి కూడా తీసుకున్నట్టే.

"అయితే వాడికి మౌనం వేద్దాం," అంది.

ఎలాగో వివరించింది. పళ్ళు అమర్చేముందు కాటు కొలత తీస్తారు. చిగుళ్ళ మీద మైనం గట్లు పెట్టి, మధ్యలో ఒక ముద్ద వేసి, కొరికి పట్టుకోమంటారు. ముద్ద గట్టిపడేదాకా మనిషి నోరు తెరవకూడదు, మాట్లాడకూడదు. కష్టమైన కేసులకి ఆమెని కూడా రమ్మంటారు డాక్టరు గారు. "కళ్ళకి లైటు కొట్టకుండా తువ్వాలు కప్పుతారు. వాడికి గదిలో ఎవరూ లేరనిపించాలి. పిలవాలి. నేను పక్కనే ఉండి పలకను. మూడుసార్లు పిలిచేదాకా పలకను. నాకు అంతే కావాలి."

"డాక్టరు గారు ఉంటారుగా?" అన్నాడు మెకానిక్కు.

అందరూ కండక్టరు వైపు చూశారు. ఆయన దవడ మీద చెయ్యి వేసుకుని వెనక్కి జరిగాడు.

"వద్దు. చచ్చినా వద్దు," అన్నాడు. తర్వాత బల్ల మీది దవడని చూశాడు. "ఆ రోజుకే నా పేరు రాయించండి. నా పన్ను మీకోసం ఇచ్చేస్తున్నాను. గుర్తుపెట్టుకోండి!"

తర్వాతి సోమవారం పదిన్నరకి ఆస్పత్రి నాలుగో అంతస్తులో పెద్దాయన కుర్చీలో వాలాడు. వెంట ఒక శిష్యుడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చేతిలో శాలువాల సంచి. టీచరమ్మ అప్పటికే పుస్తకం పట్టుకుని కూర్చున్న వెయిటింగు గదిలో వాడూ కూర్చోబోతుంటే ఇస్త్రీ ఆవిడ వచ్చి, కింద మీ కారు దారికడ్డంగా ఉందట, జనం తిడుతున్నారని చెప్పింది. వాడు లిఫ్టులో దిగాడు. దిగగానే లిఫ్టుకి "మరమ్మతు" బోర్డు తగిలింది. మెకానిక్కు స్క్రూడ్రైవరు చేత పట్టుకుని దాని పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు.

లోపల డాక్టరు గారు మైనం గట్లు పెట్టి, ముద్ద వేసి, "ఇక కొరికి పట్టండి. నేను తీసేదాకా నోరు తెరవద్దు, కదలద్దు," అని చెప్పి కళ్ళమీద మడతపెట్టిన తువ్వాలు వేశారు. పక్కగదిలో కండక్టరు చావుకేక పెట్టాడు. అందులో నటన సగమే. డాక్టరు గారు అప్పుడే లోపలికొచ్చిన పళ్ళావిడకి చూస్తూ ఉండమని సైగ చేసి వెళ్ళిపోయారు. పన్ను వేరు వంకర తిరిగి ఉందని, ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదని ఆయనకి ఇంకా తెలియదు.

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ఉమ్మి లాగే గొట్టం బుడబుడమంటోంది. పెద్దాయన ముడుచుకుపోయాడు. మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. చేతులు మాత్రం అవే. తలమీద వేసిన చెయ్యి ఏదో ఆమె వెంటనే గుర్తుపట్టింది.

మూడు నిమిషాలకి ముద్ద గట్టిపడింది. ఆమె కదల్లేదు. ఐదు నిమిషాలయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎవలు?" అన్నాడు బిగించిన మైనం గట్ల మధ్య నుంచి.

ఆ ఒక్క మాటలోనూ పాత అధికారం ఉంది. ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఎవలన్నా ఉన్నాలా?" ఈసారి విసుగు.

ఆమె గుండెల్లో సంబరంలాంటిది లేచింది. ముప్పై రెండేళ్ళు ఈ నిమిషం కోసం పళ్ళు నూరింది. ఇంకొక్కసారి, అనుకుంది. ఇంకొక్కసారి పిలిస్తే అయిపోతుంది.

పెద్దాయన కుడిచెయ్యి లేచింది. కుర్చీ అంచుని తడమడం మొదలుపెట్టింది. మెల్లగా, అరచేత్తో, ఆ చివరి నుంచి ఈ చివరికి.

"ఉన్నాలా?"

ఆ గొంతులో భయం ఉంది. ఇప్పుడు గడప దగ్గర ఉన్నది పద్నాలుగేళ్ళ పిల్ల కాదు. ఇప్పుడు పలికితే ఎవరూ చావరు. ఇంకొక్క క్షణం నోరు మూసుకుంటే తను ఇంకా వాడు వేసిన మౌనంలోనే ఉన్నట్టు. ఈ మౌనం వాడి సొమ్ము. దాన్ని తెచ్చి వాడిమీదే వేయడానికి కూడా ఆమెకి రోత పుట్టింది. వాడికి ఇంతకంటే గట్టిది కావాలి.

"ఉన్నాను," అంది.

గట్టిగానే వచ్చింది. తలుపవతల వెయిటింగు గదిలో టీచరమ్మ చేతిలో పుస్తకం కింద పడిన చప్పుడు వినపడింది.

పెద్దాయన ఊపిరి వదిలాడు. చెయ్యి చాచాడు, ఎవరైనా పట్టుకుంటారని. ఆమె ఆ చేతిని పట్టుకోలేదు. తువ్వాలు తీసేసి ఆయన ముఖం మీదికి వంగింది.

"నోరు తెరవకండి. తెరిస్తే కాటు కొలత చెడిపోతుంది. మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి. వారం పడుతుంది. మీ కూటమికి పళ్ళు అందవు."

పచ్చి అబద్ధం. చెడితే పది నిమిషాల్లో ఇంకోటి తీసుకోవచ్చు. అబద్ధం చెప్పి నోరు మూయించడం ఎలాగో ఆమెకి నేర్పినవాడే కుర్చీలో ఉన్నాడు.

"పద్నాలుగేళ్ళ పిల్ల. అమ్మమ్మ కాలికి పుండు. మందెందుకు వెయ్యనివ్వరని సభలో అడిగింది. నలభై రోజులు మౌనం వేశారు. గుర్తుందా? తల ఊపండి చాలు."

ఆయన ఆమెని తేరిపార చూశాడు. తల అడ్డంగా ఊపాడు. బుకాయింపు కాదది. నిజంగానే గుర్తులేదు.

ఇన్నేళ్ళూ ఆమె ఆయన చేత వెయ్యి జవాబులు చెప్పించింది మనసులో. ఏడిపించింది, కాళ్ళు పట్టించింది, దబాయించనిచ్చింది. గుర్తుండకపోవడం మాత్రం ఆమెకి తట్టలేదు.

"గుర్తులేదూ? అయితే విను," అంది. అక్కడితో మీరు పోయి నువ్వు వచ్చేసింది. "నేను మాట్లాడితే ఆవిడ చచ్చిపోతుందని చెప్పావు నువ్వు. నా గడ్డం పట్టుకుని చెప్పావు. ఇరవై ఏడో రోజు ఆవిడ పిలిచింది. ఇప్పుడు నువ్వు పిలిచినట్టే, మూడుసార్లు. నేను గడపలో ఉన్నాను. ఇదిగో చూడు." కుడి అరచెయ్యి తెరిచి ఆయన కళ్ళముందు పెట్టింది. "పైపళ్ళు నాలుగు, కిందివి మూడు. పళ్ళ పని నాది, నాకు తెలుసు. ఇది నువ్వు తీసిన కాటు కొలత. పలకకుండా ఉండడానికి నన్ను నేనే కొరుక్కున్నాను. సాయంత్రానికి ఆవిడ పోయింది. ఒక్కతే ఉన్నాననుకుంటూ పోయింది. ఆ తర్వాత నన్ను నిలబెట్టి, బిడ్డ మారింది చూడండి అన్నావు. జనం నీకు దండం పెట్టారు."

పెద్దాయన కళ్ళు తడబడ్డాయి. చేతులు కుర్చీ పిడులు పట్టుకున్నాయి. నోరు తెరవాలనే అనుకున్నాడు. గొణుగుడు కాక ఒక్క సరైన మాట అనాలన్నా, ఆమెని తిట్టాలన్నా, తప్పయిందనాలన్నా నోరు తెరవాలి. తెరిస్తే పోయేది వేలెడు మైనం. ఆమె వేచి చూసింది. నిజం చెప్పాలంటే, తెరిస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

ఆయన తెరవలేదు. దవడలు ఇంకా బిగించాడు. చెంపలు వణికాయి, అయినా కొలత కదలకుండా పట్టుకున్నాడు.

"అంతేలే," అంది ఆమె. "నీకు కావలసింది పళ్ళు."

డాక్టరు గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చి గట్లు బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశారు. "అద్భుతం అండీ! ఇంత నిలకడగా ఎవరూ పట్టుకోరు," అని మెచ్చుకున్నారు. పెద్దాయన బోసినోరు తెరిచి ఏదో అనబోయాడు. అదే సమయానికి శిష్యుడు నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసంతో లోపలికొచ్చాడు. శిష్యుడి ముఖం చూసి పెద్దాయన నోరు మూసుకున్నాడు.

బయట నలుగురూ నిలబడి ఉన్నారు, శిష్యుడి వెనకే మెట్లెక్కి వచ్చిన మెకానిక్కుతో సహా. కండక్టరు నోట్లో దూది, చేతిలో చిన్న కవర్లో పన్ను, కళ్ళనిండా గర్వం. పెద్దాయన వాళ్ళ మధ్య నుంచి వెళ్ళాలి. ఎవరూ దారి ఇవ్వలేదు, ఎవరూ అడ్డం రాలేదు. ఆయనే పక్కకి తిరిగి, ఒక్కొక్కరినీ రాసుకుంటూ వెళ్ళాడు. లిఫ్టు బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది. మెట్లమీద ఆయన అడుగుల చప్పుడు పూర్తిగా వినపడేంతసేపు నిలబడి, టీచరమ్మ సంచిలోంచి పట్టీ తీసింది. అక్కడే హాజరు వేసింది.

"పళ్ళావిడ, ఉన్నారా?"

"ఉన్నాను."

ఇస్త్రీ ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే, "ఈల కూడా పెట్టాల్సింది," అంది.

పళ్ళావిడ ఆ సెట్టు మీద తొమ్మిది రోజులు పనిచేసింది. జీవితంలో అంత మంచి పని ఆమె చేయలేదు. ఒక్కో పన్నూ మైనంలో నిలబెట్టి, తీసి, మళ్ళీ నిలబెట్టింది. నాలుక తగిలే చోట నున్నగా, గాలి ఆడే చోట సన్నగా గీసింది. ఇది దయ అని ఎవరైనా అనుకుంటే వాళ్ళు ఆమెని ఎరగరు. నాసిగా ఉంటే వాడు పారేసి ఇంకోచోట చేయించుకుంటాడు. పారేయలేనంత బాగుండాలి. వాడి బతుకు మిగిలిన నాళ్ళూ, తిన్న ప్రతి ముద్దా, పలికిన ప్రతి అక్షరమూ ఆమె చేతి పని మీద నుంచే పోవాలి.

చివర్లో ఒక పని మిగిలింది. ఒకరిది ఒకరికి మారిపోకుండా సెట్టు లోపలివైపు గుర్తు చీటీ అతికిస్తారు. బియ్యపుగింజ వెడల్పు కాగితం మీద మనిషి పేరు రాసి, పైన పారదర్శకమైన పూత పోస్తారు. ఇక అది గోకినా పోదు. ఆమె సన్న కలం తీసుకుంది. పేరు రాయలేదు. "ఉన్నాను" అని రాసింది. పూత పోసి, ఆరాక మెరుగు పెట్టి, నీళ్ళ డబ్బాలో వేసింది.

కూటమికి రెండు రోజుల ముందు పెద్దాయన మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నాడు. శిష్యుడు ఈసారి వదిలి కదల్లేదు. డాక్టరు గారు సెట్టు చేతికిచ్చి, "రోజూ పొద్దునే తీసి, ఇలా తిప్పి, లోపల బ్రష్షుతో కడుక్కోవాలి," అని చూపించారు. పెద్దాయన పై సెట్టు తిప్పాడు. చూపు ఒకచోట ఆగింది. చదివాడు. మెల్లగా తలెత్తి, కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ పళ్ళావిడని చూశాడు.

"అది గుర్తు చీటీ అండీ," అన్నారు డాక్టరు గారు ఆయన వేలు ఎక్కడుందో చూసి. "ఈ అక్కే పెడుతుంది. పోదు, భయం లేదు."

"పెట్టుకోండి పెద్దాయనా," అన్నాడు శిష్యుడు చేతులు జోడించి. "మీ మాట వినక ఎన్నాళ్ళయిందో."

పెద్దాయన సెట్టుని చేతిలో చాలాసేపు పట్టుకున్నాడు. ఇది వద్దు అనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ఆ పిల్ల కథ చెప్పాలి. రెండు చేతులతో సెట్టు ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు. చక్కగా కూర్చుంది. ముఖానికి పదేళ్ళు తగ్గాయి, పెదవులు నిండాయి. శిష్యుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏదీ, ఏదైనా మాట్లాడండి," అన్నారు డాక్టరు గారు.

పెద్దాయన నోరు తెరిచాడు. నాలుక అంగిటికి తగిలినట్టుంది. ఆమె వైపు చూసి నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. మాట రాలేదు.

"ఏమైంది? గుచ్చుకుంటున్నాయా?" అన్నారు డాక్టరు గారు కంగారుగా.

పళ్ళావిడ కిటికీ దగ్గర్నుంచి వచ్చి, పనివాళ్ళు పనిని చూసినట్టు ఆ ముఖాన్ని అటూ ఇటూ చూసింది. అన్నీ కుదిరాయి.

"తొందరేం లేదు," అంది. "అలవాటు పడటానికి నలభై రోజులు పడుతుంది."